అంకె కింద గీత

విశాఖ రేవులో సముద్రం ఎంత లేస్తోంది, ఎంత దిగుతోంది అని సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు పంతొమ్మిదో శతాబ్దంలో ఓపిగ్గా కొలిచి రాసుకున్నారు. దేశం మొత్తానికి ఎత్తులు కొలవాలంటే ముందు ఒక సున్నా కావాలి. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్ – ఈ తొమ్మిది చోట్ల తేలిన సగటు సముద్ర మట్టాలను ఆధారం చేసుకుని, 1858 నుంచి 1909 వరకు ఊరూరా లెవెలింగ్ చేసుకుంటూ పోయారు. రైల్వే స్టేషన్ల పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద కనిపించే ఎత్తుకు మూలం ఆ సున్నాయే.

మబ్బుల్లోంచి విశాఖకు దిగే విమానం కూడా ఆ సున్నానే నమ్ముకుని దిగుతుంది. ఆ నమ్మకాన్ని పైలట్ చేతికి అందించేది ఒక చిన్న కాగితం. దాన్ని అప్రోచ్ చార్ట్ అంటారు. అరచేతి కంటే కాస్త పెద్దది. ఇప్పుడది టాబ్లెట్ తెర మీదికి చేరింది గానీ రూపం పెద్దగా మారలేదు. ఎగిరే యంత్రాల గురించి మన దగ్గర చాలా రాశారు. ఈ కాగితం కూడా ఒక యంత్రమేనని, దానికీ ఒక జీవిత చరిత్ర ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందులోని ప్రతి గీత వెనకా ఎవరో ఒకరు కొండెక్కి కొలిచిన కొలతో, ఎక్కడో కూలిన విమానమో ఉంది.

చార్టు కంటే ముందు ఆల్టిమీటర్ గురించి చెప్పాలి. అది నేరుగా ఎత్తును కొలవదు, గాలి పీడనాన్ని కొలుస్తుంది. లోపల గాలి తీసేసిన పల్చటి లోహపు డబ్బీ ఉంటుంది. పైకి పోయేకొద్దీ బయటి పీడనం తగ్గి డబ్బీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బును పళ్ళ చక్రాలు ముల్లుకు అందిస్తాయి. తొలి రోజుల ఆల్టిమీటర్లు వందల అడుగులు అటూ ఇటూ చూపించేవి. జర్మనీలో పుట్టి అమెరికా చేరిన పాల్ కోల్స్‌మన్ 1928లో సొంత కంపెనీ పెట్టి, గడియారాల స్థాయి నాణ్యత ఉన్న చక్రాలతో సున్నితమైన ఆల్టిమీటర్ తయారు చేశాడు. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గరి మిచెల్ ఫీల్డులో జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్ మీద ముసుగు కప్పించుకుని, బయటి ప్రపంచం ఏమీ కనిపించకుండా, పరికరాలనే చూస్తూ విమానం లేపి, తిప్పి, దించాడు. ముందు సీట్లో రక్షణ కోసం బెన్ కెల్సీ అనే లెఫ్టినెంట్ కూర్చున్నాడు గానీ కంట్రోళ్ళు ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఆ విమానంలో ఉన్నది కోల్స్‌మన్ ఆల్టిమీటరే.

ఆ పరికరం ముఖం మీద ఒక చిన్న కిటికీ ఉంటుంది. ఇవాళ్టికీ దాన్ని కోల్స్‌మన్ కిటికీ అనే అంటారు. నేల మీది పీడనాన్ని సముద్ర మట్టానికి లెక్కగట్టి విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ చెబుతుంది, పైలట్ దాన్ని ఆ కిటికీలో పెడతాడు. ఈ అంకెకు క్యూఎన్‌హెచ్ అని పేరు. మన దేశంలో హెక్టాపాస్కళ్ళలో చెబుతారు. ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక పీడనం 1013.25. క్యూఎన్‌హెచ్ సరిగ్గా పెడితే ముల్లు సముద్ర మట్టం నుంచి ఎత్తు చూపిస్తుంది. తప్పు పెడితే ముల్లు అబద్ధమాడుతుంది. ఆ అబద్ధం ఎంత పెద్దదో తెలియాలంటే విశాఖ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. విమానాశ్రయం టెర్మినల్ చితికిపోయింది, రాకపోకలు కొన్ని రోజులు ఆగిపోయాయి. వాతావరణ శాఖ అంచనా ప్రకారం తుపాను కేంద్రంలో పీడనం 950 హెక్టాపాస్కళ్ళు. అలాంటి గాలిలో ఏ ప్రయాణికుల విమానమూ ఎగరదు. కానీ ఒక లెక్క వేసి చూడండి. ఆ కేంద్రం రన్‌వే మీద ఉన్నప్పుడు, అక్కడే నేల మీద నిలబడి ఉన్న విమానంలో కిటికీలో 1013 పెట్టి ఉంటే ఆల్టిమీటర్ సుమారు 1,770 అడుగులు చూపిస్తుంది. చక్రాలు నేల మీదే ఉంటాయి, ముల్లు మాత్రం ఆకాశంలో ఉన్నామంటుంది. రేవుకు దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ నుంచి సాగే యారాడ కొండల ఎత్తు సుమారు 350 మీటర్లు, అంటే 1,150 అడుగుల దరిదాపు. పరికరంలోని తప్పు కొండ ఎత్తును మించిపోయింది. తుపాను దాకా ఎందుకు, ఏటా వచ్చే మామూలు వాయుగుండంలో పీడనం 995కు పడినా తేడా 500 అడుగులు. బంగాళాఖాతం ఒడ్డున క్యూఎన్‌హెచ్ అడిగి తెలుసుకోవడం, విన్నది తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఎత్తు తెలిసింది సరే, ఎంత ఎత్తులో ఉంటే క్షేమమో ఎలా తెలియాలి? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాడు ఎల్రీ జెప్పెసెన్. 1907లో లూసియానాలో పుట్టాడు, తల్లిదండ్రులు డెన్మార్క్ నుంచి వలస వచ్చినవాళ్ళు. 1930 నాటికి రాకీ పర్వతాల మీదుగా టపా విమానాలు నడిపేవాడు. అప్పటి పైలట్లకు రోడ్డు మ్యాపులు, రైలు పట్టాలే దారి. మంచు కురిసే చలికాలాల్లో తోటి పైలట్లు కొండలకు గుద్దుకుని చనిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. పది సెంట్లు పెట్టి నల్ల అట్టల నోటు పుస్తకం ఒకటి కొన్నాడు. మైదానం పొడవెంత, ఏ వైపు వాలు ఉంది, చివర చెట్లున్నాయా, కరెంటు తీగలున్నాయా, రాత్రి దీపాలు ఎక్కడున్నాయి, వాన పడుతోందా అని ఫోన్ చేసి అడగడానికి దగ్గర్లో ఏ రైతు ఉన్నాడు – ఇవన్నీ రాసుకున్నాడు. సెలవు రోజుల్లో ఆల్టిమీటర్లు పట్టుకుని కొండలు, పొగ గొట్టాలు ఎక్కి ఎత్తులు కొలిచాడు. తోటివాళ్ళు ప్రతులు అడగడం మొదలుపెట్టారు. 1934లో సాల్ట్ లేక్ సిటీలో ఇంటి కింది గదిలో వ్యాపారం మొదలైంది. పుస్తకం వెల పది డాలర్లు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం ఆ చార్టులనే వాడింది. ఆయన 1996లో కన్నుమూసేనాటికి ప్రపంచంలో చాలా కాక్‌పిట్లలో ఆయన పేరున్న చార్టులే ఉన్నాయి.

జెప్పెసెన్ గొప్పదనం కొండలెక్కడంలో ఉందని అందరూ అంటారు. నాకు మాత్రం ఆయన చేసిన అసలు పని పద్ధతి పెట్టడమనిపిస్తుంది. ప్రతి ఊరి కాగితంలోనూ ఒకే సమాచారం ఒకే మూల దొరకాలి. కుదుపుల మధ్య, మసక వెలుతురులో, ఒక చేతిలో కంట్రోలు పట్టుకుని చదివేవాడికి వెతుక్కునే తీరిక ఉండదు. 1944 చికాగో ఒప్పందంతో పుట్టిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1948లో చార్టుల గుర్తులకు ప్రమాణాలు ఖాయం చేసింది. నాలుగో అనుబంధం అని దానికి పేరు. టోక్యోలో చదవడం నేర్చుకున్నవాడు విశాఖ కాగితాన్ని కూడా చదవగలగడం దాని పుణ్యమే.

ఇప్పుడు ఆ కాగితం ముందు కూర్చుందాం. ఇందులో నేను రాసే అంకెలు వివరణ కోసమే. అసలు అంకెల కోసం భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ తాజాగా ప్రచురించిన చార్టే చూడాలి.

పై భాగంలో పేర్లు, రేడియో ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, ఐఎన్ఎస్ డేగ స్థావరం. పౌర విమానాలకు అందులో ఒక వైపు చోటిచ్చారు, ఏటీసీ నౌకాదళం చేతిలోనే ఉంటుంది. 2007లో వాడుకలోకి వచ్చిన పది వేల అడుగుల రన్‌వేకు ఒక కొస 10, రెండో కొస 28. దిక్సూచి ప్రకారం 100 డిగ్రీలు, 280 డిగ్రీలు అని అర్థం. సముద్రం వైపు నుంచి వచ్చి 28 మీద దిగే విమానానికి ఎడమ చేతి వైపు యారాడ కొండలు, కుడి వైపు నగరం, దాని వెనక కైలాసగిరి, సింహాచలం కొండల వరస. రెండు కొండ వరసల మధ్య దొన్నెలాంటి పల్లంలో ఉంది మన రన్‌వే. ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీల పొగ గొట్టాలు, రేవు క్రేన్లు కూడా పైలట్‌కు పట్టవలసినవే.

మధ్య భాగం పై నుంచి చూసిన పటం. షడ్భుజం కనిపిస్తే అది వీఓఆర్ అనే రేడియో కేంద్రం. దాని చుట్టూ చతురస్రం కూడా ఉంటే దూరం చెప్పే డీఎంఈ కూడా అక్కడే ఉందని. చుక్కల వలయం ఉంటే ఎన్‌డీబీ అనే మరో రకం రేడియో కేంద్రం. నిండు త్రిభుజం దగ్గరికి రాగానే తప్పకుండా ఏటీసీకి చెప్పాలి. లోపల ఖాళీగా ఉన్న త్రిభుజం దగ్గర అడిగితేనే చెప్పాలి. నాలుగు మొనల నక్షత్రం ఉపగ్రహాల సాయంతో గుర్తించే బిందువు. దాని చుట్టూ వలయం గీసి ఉంటే ఆ బిందువు నెత్తి మీదుగా వెళ్ళాకే మలుపు తిరగాలి. వలయం లేకపోతే ముందే మలుపు మొదలుపెట్టవచ్చు. ఈ చిన్న వలయం విలువ కొండల మధ్యే తెలుస్తుంది. మలుపు కొంచెం ముందుగా తిరిగినా విమానం వేరే లోయలోకి పోతుంది.

అడ్డంకుల పక్కన రెండు అంకెలుంటాయి. విడిగా ఉన్నది సముద్ర మట్టం నుంచి కొన ఎత్తు. కుండలీకరణాల్లో ఉన్నది నేల వంటి వేరే మట్టం నుంచి ఎత్తు. కొండ మీద నిలబెట్టిన వంద అడుగుల టవరుకు కుండలీకరణాల్లో 100 అని ఉన్నా, బయట 1,250 అని ఉండవచ్చు. ఆల్టిమీటర్‌తో పోల్చుకోవలసింది బయటి అంకెతోనే.

ఎత్తుల కింద, పైన గీసే గీతలు అన్నిటికంటే ముఖ్యం. అంకె కింద గీత ఉంటే అంతకు తగ్గకూడదు. పైన గీత ఉంటే అంతకు మించకూడదు. కిందా పైనా ఉంటే సరిగ్గా అంతే ఎత్తులో ఉండాలి. ఏ గీతా లేకపోతే అది సూచన మాత్రమే. అచ్చులో అర మిల్లీమీటరు ఉండే గీత కొండకూ విమానానికీ మధ్య గోడలా నిలబడుతుంది.

ఒక మూల వలయం ఉంటుంది. 25 నాటికల్ మైళ్ళ, అంటే 46 కిలోమీటర్ల వ్యాసార్ధంలో ఏ దిక్కులో ఎంత ఎత్తులో ఉంటే ప్రతి అడ్డంకికీ కనీసం 1,000 అడుగుల పైన ఉంటామో చెబుతుంది. విశాఖ చుట్టూ ఆ వలయం గీస్తే అనకాపల్లి, భీమిలి, కొత్తవలస, బోలెడంత సముద్రం అందులోకి వస్తాయి. ఒక భాగంలో యారాడ కొండ ఒక్కటే లెక్కలోకి వస్తే 1,150కి 1,000 కలిపి, పై వందకు సవరించి 2,200 అని రాస్తారు. ఇక్కడ కొత్తవాళ్ళు పొరబడే మెలిక ఒకటుంది. ఆ వలయంలో రాసిన డిగ్రీలు కేంద్రం వైపు వచ్చే దిశలు. వాయవ్యం నుంచి వచ్చే విమానం ఆగ్నేయం వైపు ముఖం పెట్టుకుని వస్తుంది కాబట్టి దానికి వర్తించేది 135 డిగ్రీలున్న భాగం. ఉల్టాగా చదివితే సముద్రం మీద పనికొచ్చే ఎత్తును పట్టుకుని కొండల మీదికి వస్తాం.

ఇంకా దూరంగా, అరకు, పాడేరు మీదుగా పోయే దారులకు వేరే చార్టులున్నాయి. వాటిలో గడి గడికీ ఒక పెద్ద అంకె, పక్కనే చిన్న అంకె ఉంటాయి. పెద్దది వేలు, చిన్నది వందలు. తూర్పు కనుమల్లో అర్మకొండ 1,680 మీటర్లు, అంటే సుమారు 5,510 అడుగులు. ఐదు వేలు దాటిన కొండలకు జెప్పెసెన్ చార్టుల్లో 2,000 అడుగులు కలుపుతారు. ఆ గడిలో ఈ కొండే ఎత్తయినదైతే, పై వందకు సవరించాక పెద్ద 7, చిన్న 6 కనిపించాలి.

చార్టు అడుగు భాగంలో పక్క నుంచి చూసిన బొమ్మ ఉంటుంది. ఐఎల్ఎస్ అనే నేల మీది రేడియో వ్యవస్థ ఉన్నచోట దాని కిరణం విమానాన్ని మూడు డిగ్రీల వాలున దించుతుంది. నాటికల్ మైలుకు సుమారు 320 అడుగులు. మామూలు మొదటి తరగతి ఐఎల్ఎస్‌లో రన్‌వేకు 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి దీపాలు కనిపించాలి. కనిపించకపోతే తిరిగి పైకి లేవాల్సిందే. లేచి ఎటు పోవాలో విరుగు గీతలతో గీసి ఉంటుంది. అది చదువుకోవలసింది దిగడం మొదలుపెట్టకముందే. కొండల మధ్య ఉన్న విమానాశ్రయంలో ఈ విరుగు గీత కూడా అంతే విలువైనదని నా అభిప్రాయం.

ఈ పక్క బొమ్మ పాత్ర కూడా ఉన్న ఒక ఘోరం జరిగింది. 1974 డిసెంబరు 1న టీడబ్ల్యూఏ 514 అనే బోయింగ్ 727, వాషింగ్టన్ దగ్గరి డల్లెస్ విమానాశ్రయానికి వస్తోంది. ఇంకా 44 మైళ్ళ దూరం ఉండగానే దిగడానికి ఏటీసీ అనుమతిచ్చింది. పక్క బొమ్మ రౌండ్ హిల్ అనే బిందువు దగ్గర 1,800 అడుగుల నుంచి మొదలవుతోంది. రౌండ్ హిల్ కంటే ముందు 3,400 అడుగులకు తగ్గకూడదన్న మాట పై నుంచి చూసిన పటంలో మాత్రమే ఉంది. కెప్టెన్ ఆ 3,400ను గమనించాడు కూడా. అయినా అనుమతి ఇచ్చారంటే 1,800కు దిగవచ్చనే కాక్‌పిట్‌లో తేల్చుకున్నారు. మబ్బుల్లో మౌంట్ వెదర్ అనే కొండను 1,670 అడుగుల దగ్గర గుద్దుకున్నారు. 92 మందీ పోయారు. కలచివేసే విషయం ఏమిటంటే, ఆరు వారాల ముందే మరో కంపెనీ విమానం అదే విమానాశ్రయానికి వస్తూ అదే అపార్థంతో దిగి, త్రుటిలో తప్పించుకుంది. ఆ కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది గానీ ఆ కబురు ఇతరులకు చేరలేదు.

తర్వాత చాలా మారింది. ప్రచురించిన దారిలో ఏ భాగంలో ఉన్నామో ఖాయమయ్యే దాకా చివరగా ఇచ్చిన ఎత్తు వదలకూడదని నిబంధన వచ్చింది. నేల దగ్గరపడితే అరిచి చెప్పే పరికరం తప్పనిసరి అయింది. పైలట్లు శిక్షకు భయపడకుండా తమకు తప్పిన ప్రమాదాలను రాసి పంపే ఏర్పాటును 1976లో నాసా మొదలుపెట్టింది. పక్క బొమ్మను మెట్లు మెట్లుగా, ప్రతి మెట్టుకూ కనీస ఎత్తు రాసి గీయడం ఆనవాయితీ అయింది. అంకె ఒక్కటే చూస్తే చాలదని, అది ఎక్కడి నుంచి ఎక్కడి దాకా చెల్లుతుందో కూడా అంతే స్పష్టంగా కనిపించాలని చార్టు గీసేవాళ్ళు నేర్చుకున్నది అప్పుడే.

మన దేశానికి ఇలాంటి పాఠం 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ ఆకాశంలో వచ్చింది. సౌదీ విమానానికి 14,000 అడుగులు, ఎదురుగా వస్తున్న కజక్ విమానానికి 15,000 అడుగులు ఇచ్చారు. కజక్ విమానం తన ఎత్తులో నిలవక కిందికి దిగింది. రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. అనుమతి లేకుండా ఎత్తు వదలడమే కారణమని, సిబ్బందికి ఆంగ్లం సరిగ్గా అర్థం కాకపోవడం దానికి తోడైందని విచారణ తేల్చింది. పాత సోవియట్ దేశాల్లో ఎత్తులు మీటర్లలో చెప్పేవారన్నది కూడా మరవకూడదు. అలవాటైన కొలత ఒకటి, చెవిన పడే కొలత ఇంకొకటి అయితే ప్రతి మాటకూ మనసులో లెక్క కట్టుకోవలసిందే.

చార్టుకు గడువు కూడా ఉంది. ప్రపంచమంతా ఒకే గురువారం, 28 రోజులకొకసారి, సమాచారం మార్చుకుంటుంది. కాగితాల కాలంలో ఆ మార్పులను పైలట్లు లావుపాటి బైండర్లలో పాతవి పీకి, కొత్తవి దూర్చి, చేత్తో సరిచేసుకునేవారు. ఇప్పుడు టాబ్లెట్లో వాటంతటవే మారుతున్నాయి.

ఉపగ్రహాలు వచ్చాక ఎత్తుల కథలో కొత్త చిక్కు మొదలైంది. జీపీఎస్‌కు సముద్రం తెలియదు. భూమిని ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న నున్నటి గణిత గోళంగా ఊహించుకుని దాని మీది నుంచి ఎత్తు చెబుతుంది. గురుత్వాకర్షణ అన్నిచోట్లా ఒకేలా లేనందున అసలు సముద్రం ఆ ఊహా గోళానికి అతుక్కుని ఉండదు. శ్రీలంకకు దక్షిణాన సముద్ర మట్టం దానికంటే సుమారు 106 మీటర్లు కింద ఉంటుంది. ఆ పల్లం ప్రభావం మన తీరం మీద కూడా ఉంది. సవరణ చేయని జీపీఎస్‌ను విశాఖ రన్‌వే మీద పెడితే సముద్రం కంటే పదుల మీటర్ల లోతున ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే ప్రతి విమానాశ్రయానికీ ఆ తేడాను కొలిచి ప్రచురిస్తారు.

ఇంకో చిక్కు వాతావరణంలో పైన ఉండే అయనోస్ఫియర్ అనే పొర. భూమధ్యరేఖకు ఇరువైపులా, మన దేశం మీదనే, ఆ పొరలో ఎలక్ట్రాన్లు దట్టంగా పేరుకుంటాయి. ఉపగ్రహ సంకేతాలు అందులో ఆలస్యమై ఎత్తు తప్పుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ పొరను దశాబ్దాలుగా చదువుతోంది. ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి గగన్ అనే సవరణ వ్యవస్థను నిర్మిస్తున్నప్పుడు దేశమంతటా పెట్టిన జీపీఎస్ రిసీవర్ల కొలతలను విశాఖలో పి.వి.ఎస్. రామారావు, ఆయన సహచరులు విశ్లేషించి 2006లో ప్రచురించారు. ఎలక్ట్రాన్ల రాశి వేళను బట్టి, అక్షాంశాన్ని బట్టి ఎలా మారుతుందో తెలియకుండా సవరణ లేదు. 2015లో గగన్‌కు నిట్టనిలువు మార్గదర్శనానికి కూడా ధ్రువీకరణ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం ఆ సంకేతంతోనే దిగింది. నేల మీద ఐఎల్ఎస్ యంత్రాలు పెట్టలేని చిన్న ఊళ్ళకు అది ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు.

చార్టు మీద కొత్త గుర్తులు పుడుతూనే ఉంటాయి. విశాఖ రేవులో ఎత్తయిన క్రేన్ నిలబెట్టినా, గాజువాకలోనో షీలానగర్‌లోనో అంతస్తులు పెంచినా ఎత్తుకు అనుమతి తెచ్చుకోవాలి. ఇక్కడ ఆ అనుమతి నౌకాదళం ఇవ్వాలి. తాత్కాలికంగా పైకి లేచేవాటి కోసం నోటామ్ అనే హెచ్చరిక వెళుతుంది. నగరానికి ఈశాన్యాన భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయం ఏర్పడటంతో లెక్క ఇంకా పెరిగింది. అక్కడి రన్‌వేకు సొంత వలయం, సొంత పక్క బొమ్మ, సొంత విరుగు గీతలు కావాలి. నౌకాదళ విమానాలు డేగ నుంచి ఎగురుతూనే ఉంటాయి. ఒకచోట దిగలేక పైకి లేచిన విమానం రెండోచోట దిగుతున్నదానికి అడ్డు రాకుండా ఎత్తులు పంచాలి. అందుకోసం చుట్టుపక్కల కొండలను, సెల్ టవర్లను, కరెంటు స్తంభాలను మళ్ళీ ఒక్కొక్కటిగా కొలవాలి.